అంతరిక్షంలో చత్వారం

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం స్వల్ప మార్పులతో ఇస్తున్నాను.)



"ఈసారి కూడా కంటి గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అని కార్యదర్శిగారు కబురు పెట్టారు. కంటి గురించి కాక మరి దేని గురించి చెప్పగలను? ముప్పై మూడేళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో ఆప్తాల్మిక్ అసిస్టెంటుగా చేసినవాణ్ణి. డాక్టరును కానన్న సంగతి ముందే మనవి చేసుకుంటున్నాను. శుక్లాల ఆపరేషను తరువాత తీసుకోవలసిన జాగ్రత్తల గురించి ఇదే వేదిక మీద రెండుసార్లు మాట్లాడాను. మూడోసారి కూడా అదే చెబితే ముందు వరుసలోవారు సైతం కునుకు తీస్తారు. అందుచేత ఇవాళ మిమ్మల్ని ఊరు దాటించి, దేశం దాటించి, భూమికి 400 కిలోమీటర్ల పైకి తీసుకుపోతాను. అక్కడ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టి వస్తూ ఉంటుంది. అందులో ఆరేసి నెలలు ఉండి వచ్చే వ్యోమగాములకు కళ్ళు మసకబారుతున్నాయి. మనకు నలభై దాటాక చత్వారం వచ్చి పేపరును చెయ్యి చాపినంత దూరం పెట్టుకు చదివామే, అటువంటి ఇబ్బందే వారికీ వస్తోంది. అయితే కారణం వేరు. ఆ కారణం తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు పడుతున్న పాట్లు వింటే మన కంటి గురించి కూడా కొన్ని సంగతులు తెలుస్తాయి.

2005లో జాన్ ఫిలిప్స్ అనే అమెరికన్ వ్యోమగామి ఆ కేంద్రంలో ఆరు నెలలున్నారు. అప్పటికి ఆయన వయస్సు 54. కిటికీలోంచి భూమిని చూడడం అక్కడివారికి పెద్ద కాలక్షేపం. రోజులు గడిచేకొద్దీ ఆయనకు భూమి స్పష్టంగా కనిపించడం మానేసింది. తిరిగి వచ్చాక పరీక్ష చేస్తే, వెళ్ళేటప్పుడు 20/20 ఉన్న చూపు 20/100కి దిగిపోయింది. అమెరికావారు అడుగుల్లో చెబుతారు, మనం మీటర్లలో చెబుతాం. మన లెక్కలో 6/6 ఉన్న మనిషి 6/30కి వచ్చాడన్నమాట. మన గోడ చార్టులో 6/30 అనే వరుస ఉండదు. 6/36కీ 6/24కీ మధ్యన వేసుకోండి. అంటే మామూలు మనిషి ముప్పై మీటర్ల దూరం నుంచి చదివే అక్షరాన్ని ఈయన ఆరు మీటర్ల దగ్గరకు వస్తే గాని చదవలేడు. చక్కగా ఉన్న కన్ను ఆరు నెలల్లో ఇంత దిగిపోతే, శుక్లం ఉందా అని ముందు అనుమానిస్తాం. ఆయనకు శుక్లం లేదు.

అంతకు ముందు ఇటువంటివి ఎవరూ గమనించలేదా అంటే, కథ కాస్త వెనక్కి వెళ్ళాలి.

1963 మే నెలలో గోర్డన్ కూపర్ అనే ఆయన ఒంటరిగా 34 గంటలు అంతరిక్షంలో తిరిగి వచ్చి ఒక విడ్డూరం చెప్పారు. పైనుంచి తనకు టిబెట్ ప్రాంతంలో ఇళ్ళు, ఆ ఇళ్ళ పొగగొట్టాల్లోంచి వచ్చే పొగ, దారులు కనిపించాయన్నారు. చాలామంది నమ్మలేదు. బరువు లేని స్థితిలో కంటి చూపు పెరుగుతుందా, లేక ఆయన భ్రమపడ్డారా అని చర్చ జరిగింది. దాన్ని తేల్చడానికి 1965లో జెమినీ 5 ప్రయాణంలో ఒక పరీక్ష పెట్టారు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని లారెడో దగ్గర, ఆస్ట్రేలియాలో కార్నార్వన్ దగ్గర నేల మీద పెద్ద పెద్ద దీర్ఘచతురస్రాలు తీర్చారు. అవి ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో వ్యోమగాములు పైనుంచి చూసి చెప్పాలి.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. చదువురాని వారికి మేము కంటి శిబిరాల్లో పెట్టే పరీక్ష ఇదే గదా! చార్టులో మూడు కాళ్ళ గుర్తు నాలుగు వైపులకూ తిరిగి ఉంటుంది. "తాతా, కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపించు" అంటాం. నాసావారు చేసింది అదే, చార్టు మాత్రం భూమంత. మబ్బుల వల్ల కొంత ఆటంకం కలిగినా ఫలితం తేలింది. చూపు పెరగనూ లేదు, తగ్గనూ లేదు. అదే ఏడాది జెమినీ 7 ప్రయాణంలో మళ్ళీ చూసినా అంతే.

దానితో ఆ అధ్యాయం మూసేశారు. ఆ పరీక్ష తప్పని నేననను. కాని ఆ ప్రయాణాలు ఎనిమిది రోజులు, పద్నాలుగు రోజులు. వెళ్ళినవారు ముప్పైల్లో ఉన్న యువకులు. ముప్పైల్లో కంటి కటకం మెత్తగా ఉంటుంది. కొద్దిపాటి ప్లస్ పవరు వచ్చినా కటకం తానే బిగిసి సర్దుకుంటుంది, మనిషికి తెలియనివ్వదు. నలభై అయిదు దాటిన కన్నుకు ఆ శక్తి తగ్గిపోతుంది. అందుకే అదే మార్పు పెద్దవారిలో బయటపడుతుంది.

తరువాత తరువాత వ్యోమగాముల సగటు వయస్సు పెరిగింది. నెలల తరబడి ఉండడం మొదలైంది. "దగ్గరివి కనిపించడం లేదు" అని కొందరు చెబుతూనే వచ్చారు. నలభై దాటింది కాబట్టి చత్వారమే అనుకున్నారు. ప్లస్ పవరు ఎక్కువ వేసిన అద్దాలు ముందుగానే చేయించి సామానులో పెట్టి పంపడం ఆనవాయితీ అయింది. అద్దం పెట్టుకుంటే అక్షరం కనిపిస్తోంది, పని నడుస్తోంది. ఇంక కంటి వెనక ఏముందో చూడవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. సుమారు 300 మంది వ్యోమగాములకు ప్రశ్నపత్రాలిచ్చి అడిగితే, కొద్ది రోజులు ఉండి వచ్చినవారిలో నూటికి 29 మంది, నెలల తరబడి ఉన్నవారిలో నూటికి 60 మంది చూపులో తేడా వచ్చిందన్నారు. వయస్సే కారణమైతే ఈ రెండు అంకెలకు మధ్య ఇంత ఎడం ఉండకూడదు.

అసలు గుట్టు 2009లో బయటపడడం మొదలైంది. ఆ ఏడాది అంతరిక్ష కేంద్రంలో ఉన్నవారిలో ఇద్దరు వైద్యులు. ఒకరు అమెరికాకు చెందిన మైకేల్ బారట్, రెండోవారు కెనడాకు చెందిన రాబర్ట్ థర్స్క్. ఇద్దరికీ దగ్గరి చూపు మందగించింది. వైద్యులు కాబట్టి అద్దాలు మార్చుకుని ఊరుకోలేదు. కంటి లోపల చూసే పరికరం తీసుకుని ఒకరి కళ్ళు ఒకరు పరీక్షించుకున్నారు. కంటి నరం దగ్గర వాపు గుర్తులు కనిపించాయి.

తిరిగి వచ్చాక పరిశోధన ముమ్మరమైంది. 2011లో థామస్ మేడర్ అనే నేత్ర వైద్యుడు, ఆయన సహచరులు ఏడుగురు వ్యోమగాముల కళ్ళ గురించి ఒక నివేదిక ప్రచురించారు. ఏడుగురూ యాభై ఏళ్ళ ప్రాయంవారు, ఆరు నెలలు ఉండి వచ్చినవారు. అయిదుగురికి కంటి నరం ఉబ్బింది. అయిదుగురికి కనుగుడ్డు వెనక భాగం చదునయింది. అయిదుగురికి రెటీనా వెనక ఉండే రక్తనాళాల పొరలో ముడతలు పడ్డాయి. ముగ్గురికి రెటీనా మీద దూదిపింజల వంటి తెల్లటి మచ్చలు కనిపించాయి. ఆరుగురికి దగ్గరి చూపు తగ్గింది. అద్దాల పవరు అర పాయింటు నుంచి ఒకటిముప్పావు దాకా ప్లస్ వైపు జరిగింది.

కనుగుడ్డు చదునవడానికీ పవరు మారడానికీ సంబంధం ఏమిటో చెబుతాను. మన కనుగుడ్డు ముందు నుంచి వెనకకు సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. ముందున్న కటకం ద్వారా వచ్చిన వెలుగు సరిగ్గా వెనక తెర మీద పడాలి. గాలి నింపిన బంతిని వెనకనుంచి అరచేత్తో నొక్కితే ఏమవుతుంది? వెనక తెర ముందుకు జరుగుతుంది. బొమ్మ తెర మీద పడవలసింది, తెర వెనక్కి పోతుంది. తెర ఒక్క మిల్లీమీటరు జరిగితే దాదాపు మూడు పాయింట్ల పవరు మారుతుంది. మిల్లీమీటరులో మూడో వంతు జరిగితే ఒక పాయింటు! బియ్యపు గింజ మందంలో పావు వంతు కూడా ఉండని మార్పు మనిషి చేత అద్దాలు పెట్టిస్తుంది. నేను ఎన్ని వేల కళ్ళకు అద్దాలు రాశానో లెక్కలేదు, కాని ఈ కొలతను తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మరి వెనకనుంచి నొక్కేది ఎవరు?

ఇక్కడ కంటి నరం సంగతి తెలియాలి. అది నరమని పేరే గాని, నిజానికి మెదడు నుంచి బయటకు సాగిన కొమ్మ. మెదడు చుట్టూ ఎలా పొర ఉండి, ఆ పొరలో నీరు వంటి ద్రవం ఉంటుందో, కంటి నరం చుట్టూ కూడా అదే పొర, అదే ద్రవం కనుగుడ్డు వెనక దాకా వస్తాయి. కంటి లోపల ఒక ఒత్తిడి ఉంటుంది. నరం చుట్టూ ఉన్న ద్రవానికి మరో ఒత్తిడి ఉంటుంది. ఈ రెంటి నడుమ జల్లెడలాంటి పలుచటి పొర ఒకటి అడ్డం. నరం పోగులు ఆ జల్లెడ కన్నాల్లోంచి కంటిలోకి వస్తాయి. ముందు ఒత్తిడి ఎక్కువైతే జల్లెడ వెనక్కి వంగుతుంది, వెనక ఒత్తిడి ఎక్కువైతే ముందుకు ఉబ్బుతుంది. ఇరుపక్కల వాళ్ళూ ఒకే బలంతో తాడు లాగుతున్నంత సేపూ మధ్య గుర్తు కదలదు గదా, అలాగన్నమాట.

భూమి మీద మనం పగలంతా నిలబడో కూర్చునో ఉంటాం. ఒంట్లోని నీరు బరువుకు కిందకు దిగుతుంది. సాయంత్రానికి కాళ్ళు నీరు పట్టినట్టు అనిపించడం ఈ సభలో సగంమందికి అనుభవమే. బరువు లేని చోట కిందకు దిగడమన్నది లేదు. కాళ్ళలో ఉండవలసిన నీరు ఒకటి రెండు లీటర్ల దాకా ఛాతీకి, తలకు చేరుతుంది. అందుకే టీవీలో చూపించే వ్యోమగాముల ముఖాలు ఉబ్బి, కాళ్ళు కొంగ కాళ్ళలా సన్నబడి కనిపిస్తాయి. తలలో నీరు ఎక్కువైంది, మెదడు చుట్టూ ఒత్తిడి పెరిగింది, అది నరం వెంట వచ్చి కనుగుడ్డును వెనకనుంచి నొక్కింది అని మొదట అందరూ అనుకున్నారు. ఈ జబ్బుకు పెట్టిన మొదటి పేరులోనే తల లోపలి ఒత్తిడి అనే మాట ఉండేది.

కాని లెక్క పూర్తిగా కుదరలేదు. మేడర్ నివేదికలో, నరం వాచిన వారిలో నలుగురికి భూమికి వచ్చాక వెన్నులోంచి నీరు తీసి ఒత్తిడి కొలిచారు. నీటి సెంటీమీటర్లలో 22, 21, 28, 28.5 వచ్చాయి. 25 దాటితే వైద్యులు ఎక్కువ అంటారు. కొందరిది ఎక్కువ, కొందరిది అంచున. పైగా తలలో ఒత్తిడి నిజంగా బాగా పెరిగిన రోగి తలనొప్పితో విలవిల్లాడతాడు, చెవిలో నాడి కొట్టుకున్నట్టు చప్పుడు వినిపిస్తుందంటాడు, క్షణంపాటు చూపు ఆరిపోయి వస్తుందంటాడు. వ్యోమగాములకు ఈ లక్షణాలు సాధారణంగా ఉండవు. అందుకే 2017లో ఆ పేరు తీసేసి, కారణం ఇదీ అని కట్టుబడకుండా, అంతరిక్ష ప్రయాణంతో ముడిపడిన నరాల, కంటి లక్షణాల సముదాయం అనే అర్థం వచ్చేలా మరో పేరు పెట్టారు. పొడి అక్షరాలు కలిపి శాన్స్ అంటారు. తెలియని కారణాన్ని తెలిసినట్టు పేరులో పెట్టుకోకపోవడం నాకు నచ్చింది.

2017లోనే వెలువడిన మరో పరిశోధన గురించి కాస్త వివరంగా చెప్పాలి. చికిత్స కోసం తలలో చిన్న గొట్టం అమర్చి ఉన్న కొందరు, క్యాన్సర్ నుంచి కోలుకున్నవారు, స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. విమానాన్ని ఒక పద్ధతిలో ఎగరేసి దింపితే ఇరవై సెకన్లు, అంతకు కొంచెం ఎక్కువ సేపు లోపలివారికి బరువు ఉండదు. ఆ కాస్సేపట్లో వారి తల లోపలి ఒత్తిడిని ఆ గొట్టం ద్వారా నేరుగా కొలిచారు. ప్రాణాంతకమైన జబ్బు నుంచి బయటపడిన మనుషులు, తామెన్నడూ వెళ్ళబోని చోటికి వెళ్ళే వారి కోసం తల అప్పగించారు. వారికి నమస్కరించాలి.

తేలినదేమిటంటే, బరువు లేనప్పుడు ఒత్తిడి విపరీతంగా పెరగలేదు. పడుకున్నప్పటి కంటే కొంత తక్కువగానే ఉంది. కాని నిలబడినప్పుడు తగ్గినంతగా తగ్గలేదు. ఇందులోనే కీలకం ఉందని ఆ పరిశోధకులు భావించారు. మనకు రాత్రి పడుకుంటే ఒత్తిడి పెరుగుతుంది, పొద్దున లేచి నిలబడితే దిగుతుంది. రోజుకు పదహారు గంటలు కంటి నరానికి విశ్రాంతి. అంతరిక్షంలో ఆ విశ్రాంతి లేదు. ఒత్తిడి కొద్దిపాటిదే, కాని ఆరు నెలలపాటు రాత్రీ పగలూ విడుపు లేకుండా ఉంటుంది. రేకుల కప్పు మీద పెద్ద బండ వేస్తే అప్పటికప్పుడు విరుగుతుంది. చిన్న బరువు పెట్టి ఏళ్ళ తరబడి వదిలేసినా వంగుతుంది.

ఈ ఊహను పరీక్షించడానికి జర్మనీలో కొలోన్ నగరంలోని అంతరిక్ష వైద్య కేంద్రంలో 2017లోనే పదకొండు మందిని ముప్పై రోజులు మంచం మీద పడుకోబెట్టారు. మంచం తల వైపు ఆరు డిగ్రీలు కిందకు వంచి ఉంటుంది. దిండు లేదు. తల ఎత్తడానికి వీల్లేదు. భోజనం, స్నానం, మిగతా కార్యక్రమాలు సమస్తం అదే భంగిమలో. గదిలో బొగ్గుపులుసు వాయువును కూడా అంతరిక్ష కేంద్రంలో ఉండే స్థాయికి, అంటే మనం పీల్చే గాలిలో కంటే పది రెట్లకు మించి పెంచారు. మేము ఇంట్లో చేసేది కూడా అదే కదా అని మీలో కొందరు అనుకుంటున్నట్టున్నారు, దిండు తీసేసి ఒక్క రాత్రి పడుకుని చూడండి! నెల తిరిగేసరికి పదకొండు మందిలో అయిదుగురికి కంటి నరం ఉబ్బింది. భూమి మీదనే, ఆరోగ్యవంతుల్లో, కేవలం పడుకోవడం వల్ల అంతరిక్షపు కంటి జబ్బు లక్షణాన్ని తెప్పించగలిగారు.

అయినా మిగతా ఆరుగురికి ఎందుకు రాలేదు? ఒకే కేంద్రంలో ఒకే తిండి తిని ఆరు నెలలున్న ఇద్దరిలో ఒకరికి వచ్చి మరొకరికి రాకపోవడమేమిటి? అంతరిక్ష కేంద్రంలో ఎక్కువ కాలం ఉన్నవారిలో నూటికి 70 మందికి ఏదో ఒక మోతాదులో కంటి వెనక వాపు కనిపిస్తోందని నాసా చెబుతోంది. మిగిలినవారిని కాపాడుతున్నదేమిటి? బి విటమినులను శరీరం వాడుకునే తీరులో పుట్టుకతో ఉండే తేడాలు కొంత కారణమని ఒక వర్గం అంటోంది. బొగ్గుపులుసు వాయువని, బరువులెత్తే వ్యాయామమని, మెదడే కొద్దిగా పైకి జరగడమని ఇంకా అనుమానాలున్నాయి. ఒకే కారణం తేలకపోవచ్చునని నా అభిప్రాయం.

కంటికి అక్కడ మరికొన్ని ఇబ్బందులున్నాయి. 1969లో చంద్రుడి వద్దకు వెళ్ళినప్పుడు బజ్ ఆల్డ్రిన్‌కు చీకట్లో కళ్ళు మూసుకున్నా మెరుపులు కనిపించాయి. తరువాతి అపోలో యాత్రల్లో లెక్కపెడితే సగటున మూడు నిమిషాలకొకటి. విశ్వకిరణాల కణాలు కనుగుడ్డులోంచి దూసుకుపోతూ వెలిగించే దీపాలవి. అన్నట్టు, భూమి మీద ఉన్న మీకు కంట్లో ఉన్నట్టుండి మెరుపులు కనిపించి, నల్లటి చుక్కలు తేలుతుంటే అవి విశ్వకిరణాలు కావు. రెటీనా ఊడుతున్న గుర్తు కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. రేపు అనకండి. ఆ కిరణాల వల్ల శుక్లాలు కూడా వస్తాయి. అంతరిక్షానికి వెళ్ళి వచ్చిన వారిలో కనీసం 39 మందికి శుక్లాలు వచ్చాయని, అందులో 36 మంది కిరణాల తాకిడి ఎక్కువగా ఉన్న యాత్రలు చేసినవారని 2004లో నాసా చెప్పింది.

కన్నీళ్ళ సంగతి విన్నారా? 2001 ఏప్రిల్‌లో కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ కేంద్రం బయట పనిచేస్తుండగా, హెల్మెట్ అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల పూసే సబ్బు ద్రావకం ఎడమ కంట్లో పడి భగ్గుమంది. చెయ్యి పెట్టి తుడుచుకుందామంటే హెల్మెట్ అడ్డం. కన్నీరు వచ్చింది గాని చెంప మీదకు జారదే! బరువు ఉంటే గదా జారడానికి. కంటి మీదనే ముద్దలా పేరుకుని, పెరిగి పెరిగి, ముక్కు మీదుగా రెండో కంట్లోకి పాకింది. రెండు కళ్ళూ మూతపడ్డాయి. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున, శూన్యంలో, కబోదిలా వేలాడుతూ ఆయన నిబ్బరంగా కింది వారితో మాట్లాడుతూనే ఉన్నారు. చివరకు కన్నీరు తగినంత ఊరి ఆ ద్రావకాన్ని పలచన చేశాక చూపు తేరుకుంది. ఆయన మళ్ళీ పనిలో పడ్డారు. ఏడిస్తే భారం దిగుతుందని మనవాళ్ళంటారు. అక్కడ అదీ దిగదు.

ఇక నివారణ ప్రయత్నాలు. ఇప్పుడు అంతరిక్ష కేంద్రంలోనే రెటీనా పొరలను మైక్రాన్లలో కొలిచే ఓ.సి.టి. యంత్రం ఉంది. అల్ట్రాసౌండ్ ఉంది. కింద ఉన్న నిపుణులు చెబుతుంటే పైనున్నవారు ఒకరికొకరు తీసుకుంటారు. తలలోకి చేరిన నీటిని కిందకు లాగడానికి రష్యావారి వద్ద చిబిస్ అనే లాగు ఉంది. నడుము కింద భాగం చుట్టూ గాలి ఒత్తిడి తగ్గిస్తే నీరు కాళ్ళ వైపు వస్తుంది. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం వారు అదే సూత్రంతో నిద్రపోయేటప్పుడు తొడుక్కునే సంచి తయారుచేసి, పదిమంది చేత మూడు రోజులు పడుకోబెట్టి పరీక్షించారు. రాత్రి ఎనిమిది గంటలు ఆ సంచిలో ఉంటే కంటి వెనక పొరలో మార్పు తగ్గిందని 2021లో ప్రకటించారు. తొడలకు పట్టీలు బిగించి చూస్తున్నారు. ఇవన్నీ ఇంకా పరీక్షల దశలోవే.

ఇంత హడావుడి ఎందుకంటే, ఇప్పటిదాకా వెలువడిన నివేదికల్లో ఈ జబ్బు వల్ల శాశ్వతంగా చూపు పోయినవారు లేరు. నరం వాపు నెలల్లో తగ్గుతుంది. కనుగుడ్డు చదును, ముడతలు మాత్రం కొందరిలో ఏళ్ళ తరబడి ఉండిపోతున్నాయి. కుజగ్రహానికి వెళ్ళి రావడమంటే రమారమి మూడేళ్ళు. ఆరు నెలల్లో ఉబ్బిన నరం, వైద్యుడు లేని చోట మూడేళ్ళు ఉబ్బి ఉంటే ఏమవుతుంది? కుజుడి మీద దిగే సమయానికి నడిపేవాడికి మీటర్ల మీది అంకెలు కనిపించకపోతే? నాసా తన ముందున్న పెద్ద ప్రమాదాల జాబితాలో దీన్ని చేర్చింది.

మనవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. హైదరాబాదులో నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో వెళ్ళి ఎనిమిది రోజుల్లో వచ్చేశారు. మన తెలుగునాటి మూలాలున్న రాజా చారి 2021 నవంబరు నుంచి 2022 మే వరకు 177 రోజులున్నారు. శుభాంశు శుక్లా 2025 జూన్ 25న బయలుదేరి జూలై 15న తిరిగి వచ్చారు. ఆ యాత్రలో మన బెంగుళూరు శాస్త్రజ్ఞుల ప్రయోగం ఒకటి ఉంది. బరువులేని స్థితిలో కంప్యూటరు తెర చూస్తూ పనిచేసేటప్పుడు చూపు నిలపడం, కనుపాపల కదలికలు ఎలా ఉంటాయో పరిశీలించడం అందులో భాగం. గగన్‌యాన్‌ను మూడు రోజుల ప్రయాణంగా రూపొందించారు. మూడు రోజుల్లో ఈ జబ్బు భయం పెద్దగా ఉండదు. సొంత అంతరిక్ష కేంద్రం కట్టాలన్న ఆలోచన ఫలించిన నాడు మనవారి కళ్ళ సంగతీ చూసుకోవలసి వస్తుంది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నాను? మన సభ్యులు ఒకరు, వారి అనుమతితోనే చెబుతున్నాను, పేరు చెప్పను, ఏడాదిలో మూడుసార్లు కళ్ళజోడు మార్చారు. ముగ్గురు షాపులవాళ్ళూ కంప్యూటరు ముందు గడ్డం ఆనించి పవరు రాసి అద్దాలు అమ్మారు. ఒక్కరూ చుక్కలు వేసి కంటి వెనక చూడమని డాక్టరు వద్దకు పంపలేదు. అద్దం పెట్టుకుంటే మధ్యలో అక్షరం కనిపిస్తూనే ఉంది. స్కూటరు మీద పోతుంటే పక్కనుంచి వచ్చే మనిషి మాత్రం కనిపించడం లేదు. రెండుసార్లు పడ్డాక గాని ఆసుపత్రికి రాలేదు. నీటికాసులు. ఒక కంటి నరం చాలామటుకు ఎండిపోయింది, దానిలో పోయిన చూపు రాదు. రెండో కన్ను ఇప్పుడు చుక్కల మందుతో నిలబడి ఉంది. వ్యోమగాములకు వెనకనుంచి ఒత్తిడి, మన నీటికాసుల్లో చాలాసార్లు ముందునుంచి ఒత్తిడి. మధ్యలో నలిగేది ఆ జల్లెడ, ఆ నరమే. నొప్పి లేదు, ఎరుపు లేదు, అద్దంతో అక్షరం కనిపిస్తుంది. అందుకే తెలియదు.

కనుక అరవై దాటిన ప్రతివారూ, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే నలభై దాటినవారు కూడా, ఏడాదికొకసారి కంటి ఒత్తిడి, కంటి నరం చూపించుకోండి. నరం చూశారా అని నోరు తెరిచి అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. షాపులో రాసే పవరు చీటీ కంటి పరీక్ష కింద లెక్క కాదు.

ప్రసంగం తరువాత సభ్యులు అడిగిన రెండు ప్రశ్నలు కూడా ఇక్కడ చేరుస్తున్నాను.

ఒక మిత్రుడు, "నాకు చిన్నప్పటినుంచీ మైనస్ రెండు. అంతరిక్షానికి వెళితే ప్లస్ వైపు జరుగుతుందన్నారు గదా, నా అద్దాలు పోతాయా?" అని అడిగారు. అందరూ నవ్వారు గాని ప్రశ్న తెలివైనదే. మైనస్ ఉన్నవారి కనుగుడ్డు పొడవు ఎక్కువ. అది కాస్త చదునయితే దూరపు చూపు బాగుపడినట్టే ఉంటుంది. లెక్క ప్రకారం మీ మైనస్ తగ్గవచ్చు, దానితోపాటు నరం వాపు కూడా రావచ్చు. బారట్‌గారు 2024లో మళ్ళీ వెళ్ళి 235 రోజులుండి వచ్చారు, 65వ పుట్టినరోజు అక్కడే జరుపుకున్నారు. కాబట్టి వయస్సు అడ్డం కాదు, ప్రయత్నించండి అన్నాను.

ఒక సోదరి, "నీటికాసులకు మందు వేసుకుంటున్నాను, పడుకుంటే ఒత్తిడి పెరుగుతుందన్నారు, దిండు ఎత్తు పెట్టుకోవాలా?" అని అడిగారు. పడుకుంటే కంటి లోపలి ఒత్తిడి కూడా కొంత పెరిగే మాట నిజమే. తల వైపు మంచం కొద్దిగా ఎత్తు చేసుకోవడం కొందరికి మేలు చేస్తుంది. మెడ నొప్పి ఉన్నవారికి అది పడకపోవచ్చు. మీ డాక్టరును అడిగి చేయండి. దిండు ఎత్తు పెట్టుకున్నాను గదా అని రాత్రి వేసుకునే చుక్కలు మాత్రం మానకండి.